రైఫిల్ గొట్టం పొడవు, మూతి పరికరాల ఎంపిక

రైఫిల్ రూపకల్పనలో గొట్టం (బారెల్) పొడవు, గొట్టం మూతికి బిగించే పరికరం అనే రెండు అంశాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గొట్టం పొడవు తగ్గినకొద్దీ తుపాకి తేలికై, వాహనాలలోను, ఇరుకు చోట్లలోను వాడుటకు అనువుగా మారుతుంది. కాని గుండు వేగం తగ్గుతుంది; మూతి వద్ద మంట, మోత పెరుగుతాయి. ఈ ఇబ్బందులలో ఏదో ఒకదానిని తగ్గించుటకు మూతి పరికరాలను వాడతారు. అన్నింటినీ ఒకేసారి తొలగించే పరికరం ఏదీ లేదు. అందువలన ఈ రెండింటినీ విడివిడిగా కాక, తుపాకి చేయవలసిన పనిని బట్టి కలిపి నిర్ణయించవలసి ఉంటుంది.

గొట్టంలో జరిగే ప్రక్రియ

తూటా పేలినపుడు అందులోని మందు మండి, అధిక పీడనం గల వాయువులు పుడతాయి. గుండు గొట్టంలో ఉన్నంతసేపు ఈ వాయువులు దానిని ముందుకు తోస్తాయి. కనుక పొడవైన గొట్టంలో గుండు ఎక్కువ వేగం పుంజుకుంటుంది. అయితే ఈ లాభానికి ఒక హద్దు ఉంది. గుండు ముందుకు జరిగినకొద్దీ దాని వెనుక ఖాళీ పెరిగి పీడనం పడిపోతుంది. మందు తక్కువగా ఉండే .22 లాంగ్ రైఫిల్ తూటాకు సుమారు 16 అంగుళాలు దాటిన తరువాత చెప్పుకోదగిన లాభం ఉండదు.

5.56 మి.మీ. తూటా విషయంలో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 20 అంగుళాల (508 మి.మీ.) గొట్టం గల ఎం16ఏ2 నుండి గుండు సెకనుకు సుమారు 945 మీటర్ల వేగంతో వెలువడుతుంది. 14.5 అంగుళాల (368 మి.మీ.) గొట్టం గల ఎం4 కార్బైన్ నుండి అది సుమారు 900 మీటర్లు మాత్రమే.

పొట్టి గొట్టం నుండి గుండు బయటపడే క్షణానికి వాయువుల పీడనం ఇంకా ఎక్కువగానే ఉంటుంది. అవి ఒక్కసారిగా వ్యాకోచించుట వలన మోత పెరుగుతుంది. ఆ వాయువులలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వంటి మండే గుణం కలవి ఉంటాయి. అవి బయటి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తిరిగి అంటుకొనుటే మూతి వద్ద కనిపించే పెద్ద మంటకు ముఖ్య కారణం.

పొడవైన గొట్టానికే గురి బాగుంటుందని చాలామంది భావిస్తారు. నిజానికి ఒకే మందం గల రెండు గొట్టాలలో పొట్టిది తక్కువగా వంగుతుంది, తక్కువగా కంపిస్తుంది. గొట్టంపైన అమర్చే సాధారణ గురిబద్దలు వాడేటపుడు మాత్రం వాటి మధ్య దూరం పెరుగుట వలన పొడవైన గొట్టం మేలు చేస్తుంది.

మూతి పరికరాలలో రకాలు

* ఫ్లాష్ హైడర్: వాయువులను చెదరగొట్టి, అవి తిరిగి అంటుకోకుండా చేస్తుంది. మోతను తగ్గించదు.
* మజిల్ బ్రేక్: వాయువులను పక్కలకు, కొంత వెనుకకు మళ్ళించి తుపాకి వెనుకకు తన్నే బలాన్ని తగ్గిస్తుంది. అయితే కాల్చే వ్యక్తికి, పక్కనున్నవారికి మోత, గాలి తాకిడి పెరుగుతాయి.
* కాంపెన్సేటర్: వాయువులను పైకి పంపి, కాల్చేటపుడు మూతి పైకి లేవకుండా అదిమి ఉంచుతుంది.
* సప్రెసర్: దీనినే సైలెన్సర్ అని కూడా అంటారు. లోపలి అరలలో వాయువులను నిలిపి, చల్లబరచి, నెమ్మదిగా వదులుతుంది. మోతను సాధారణంగా 20 నుండి 30 డెసిబెళ్ళ వరకు తగ్గిస్తుంది. ధ్వని కంటే వేగంగా పోయే గుండు గాలిలో చేసే చప్పుడును మాత్రం ఆపలేదు. తుపాకి పొడవును, బరువును పెంచుతుంది.
* బూస్టర్: మూతి వద్ద పీడనాన్ని కొంత నిలిపి ఉంచి, తుపాకి యంత్రాంగం సరిగా పనిచేయుటకు తోడ్పడుతుంది.

లీ-ఎన్‌ఫీల్డ్ అనుభవం

తెలుగువారికి పోలీసుల చేతిలోని "త్రీ నాట్ త్రీ"గా పరిచయమైన లీ-ఎన్‌ఫీల్డ్ చరిత్ర ఈ సమస్యకు మంచి ఉదాహరణ. మొదట బ్రిటిష్ సైన్యంలో కాల్బలానికి 30.2 అంగుళాల గొట్టం గల రైఫిలు, అశ్వదళానికి 20.75 అంగుళాల కార్బైను వేరువేరుగా ఉండేవి. బోయర్ యుద్ధం (1899-1902) తరువాత అందరికీ ఒకే తుపాకి ఉండాలని నిర్ణయించి, 25.2 అంగుళాల గొట్టంతో పొట్టి లీ-ఎన్‌ఫీల్డ్‌ను ప్రవేశపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ కర్మాగారంలోను ఇది తయారైంది.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇంకా తేలికైన తుపాకి అవసరమైంది. 1944లో మొదలైన నంబర్ 5 రైఫిల్‌లో గొట్టాన్ని సుమారు 18.8 అంగుళాలకు కుదించి, మూతికి గరాటు వంటి ఫ్లాష్ హైడర్‌ను అమర్చారు. దీనికే "జంగిల్ కార్బైన్" అని పేరు వచ్చింది. బరువు దాదాపు ఒక కిలో తగ్గింది. కాని తూటా మాత్రం పాతదే. తేలికైన తుపాకి భుజాన్ని మరింత గట్టిగా తన్నింది. మడమకు రబ్బరు మెత్త వేసినా సైనికుల ఫిర్యాదులు ఆగలేదు. గురి నిలకడగా ఉండుట లేదన్న ఆరోపణ కూడా వచ్చింది. 1947లో దీని ఉత్పత్తి నిలిచిపోయింది. గరాటు మంటను కొంతవరకు మరుగుపరచింది గాని, గొట్టం తగ్గించుట వలన పెరిగిన తన్నును తగ్గించలేకపోయింది.

వియత్నాం యుద్ధం, ఆ తరువాత

అమెరికా సైన్యం వియత్నాంలో వాడిన ఎక్స్‌ఎం177లో మొదట 10 అంగుళాల గొట్టమే ఉండేది. మంట, మోత భరింపరానివి కావడంతో సుమారు 4.5 అంగుళాల పొడవైన ప్రత్యేక పరికరాన్ని మూతికి బిగించారు. తరువాతి రూపంలో గొట్టాన్ని 11.5 అంగుళాలకు పెంచారు. గొట్టంలో తగ్గించిన పొడవులో కొంత మూతి పరికరం రూపంలో తిరిగి వచ్చి చేరింది. తొలినాటి ఎం16 రైఫిళ్ళకు మూడు ముళ్ళ ఫ్లాష్ హైడర్ ఉండేది. దాని కొనలు పొదలలో చిక్కుకొనుట వలన, కొన మూసి ఉన్న పంజరం వంటి ఆకారానికి మార్చారు.

సోవియట్ ఏకేఎస్-74యులో గొట్టం పొడవు సుమారు 206 మి.మీ. మాత్రమే. మంటను తగ్గించుటతో పాటు యంత్రాంగానికి చాలినంత పీడనాన్ని అందించుటకు దీని మూతికి బూస్టర్‌ను అమర్చారు. ఏకే-74 గుండు వేగం సెకనుకు 900 మీటర్లు కాగా, దీనిది 735 మీటర్లు.

ఎంపికలో గమనించే అంశాలు

దూరపు గురికి, వేటకు వేగం ముఖ్యం కనుక పొడవైన గొట్టం తగినది. వాహనాలలోను, భవనాలలోను పనిచేసే దళాలకు పొట్టి గొట్టం, దానితోపాటు ఫ్లాష్ హైడర్ లేదా సప్రెసర్ అవసరమవుతాయి. సప్రెసర్ బిగించదలచినపుడు దాని పొడవును కలుపుకొనే గొట్టం పొడవును నిర్ణయిస్తారు. పక్కపక్కన నిలబడి కాల్చేచోట మజిల్ బ్రేక్ ఇతరులకు ఇబ్బంది కలిగిస్తుంది.

వినికిడి రక్షణ అన్నింటికంటె ముఖ్యమైనది. ఒక్కసారిగా వెలువడే ధ్వని 140 డెసిబెళ్ళు దాటితే చెవికి హాని కలుగవచ్చు. రైఫిల్ మోత సాధారణంగా 160 డెసిబెళ్ళకు చేరువలో ఉంటుంది. అందుచేత సప్రెసర్ ఉన్నను చెవులకు రక్షణ ధరించుట మంచిది. లోపలి చెవిలో దెబ్బతిన్న కణాలు తిరిగి పెరగవు.

చట్టపరమైన అంశాలు

అమెరికాలో 16 అంగుళాలకంటె తక్కువ గొట్టం గల రైఫిళ్ళకు సమాఖ్య చట్టం ప్రకారం ప్రత్యేక నమోదు అవసరం. ఊడదీయుటకు వీలులేకుండా అతికించిన మూతి పరికరం పొడవును గొట్టంలో భాగంగా లెక్కిస్తారు. భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని కుదించుట నేరం. మోతను గాని, మంటను గాని తగ్గించే పరికరాలను ఆయుధ నియమాలు అత్యంత కఠినమైన మొదటి వర్గంలో చేర్చాయి.