పొగ లెక్క తేలితేనే వాన లెక్క!

పిడకల పొయ్యి పొగ కళ్లు మండిస్తుంది. అదే పొగ పైకెళ్లి ఎండను అడ్డుకుంటుంది, వానల్నీ తారుమారు చేస్తుంది. ఆ ప్రభావం ఎంతో తేల్చడానికి సూపర్ కంప్యూటర్లే తల పట్టుకుంటున్నాయి!

ఊదుగొట్టంతో ఊదగానే కట్టెలపొయ్యి లోంచి గుప్పున పొగ లేస్తుంది. చూరు దాటి గాల్లో కలుస్తుంది. పోయిందిలే అనుకుంటారంతా. ఎక్కడికీ పోదు! అందులోని సూక్ష్మకణాలు దాదాపు వారం రోజులు గాల్లోనే తేలుతూ వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. శాస్త్రవేత్తలు వీటిని ఏరోసాల్స్ అంటారు. ఎడారి దుమ్ము, సముద్రపు ఉప్పు, విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే గంధక కణాలు... అన్నీ ఈ కుటుంబంలోనివే.

చల్లబరిచేవి... వేడెక్కించేవి
కార్బన్ డయాక్సైడ్‌కి తెలిసింది ఒకటే పని, భూమిని వేడెక్కించడం. కణాలు అలా కాదు. గంధక కణాలు ఎండను వెనక్కి తిప్పికొడతాయి. మసి ఎండను మింగేసి గాలిని వేడెక్కిస్తుంది. 2021 నాటి ఐపీసీసీ నివేదిక ప్రకారం, మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్ భూమికి చదరపు మీటరుకు 2.16 వాట్ల వేడి అదనంగా చేరుస్తోంది. ఏరోసాల్స్ అన్నీ కలిసి అందులోంచి 1.1 వాట్లు తగ్గిస్తున్నాయి. చిక్కేమిటంటే, ఈ రెండో అంకె 0.4 నుంచి 1.7 వరకూ ఎంతైనా కావచ్చు!

గంధకం లెక్క కొంత నయం. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు, భూమి సుమారు అర డిగ్రీ చల్లబడుతుందని నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ బృందం కంప్యూటర్‌తో ముందే లెక్కగట్టింది. దాదాపు అలాగే జరిగింది. మరి పొయ్యి పొగ?

కర్పూరంలా మాయం
పొగలో మసితో పాటు ఆర్గానిక్ కార్బన్ ఉంటుంది. అది ఒక్క పదార్థం కాదు, వేలాది రసాయనాల కలగూరగంప. గాల్లో కలిసి పలచబడగానే అందులో కొంత కర్పూరంలా ఆవిరవుతుంది. ఎండ తగిలి రూపం మార్చుకుని మళ్లీ కణంగా పేరుకుంటుంది. 2007లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఈ దాగుడుమూతల్ని బయటపెట్టారు. చెట్లు వదిలే సువాసన ఆవిర్లూ ఇలాగే కణాలుగా మారతాయి.

వాతావరణ నమూనాలో భూగోళమంతా గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడి వెడల్పు సుమారు వంద కిలోమీటర్లు. ఏ గడిలో ఎంత పొగ లేచింది, గాలి ఎటు తీసుకెళ్లింది, వాన ఎంత కడిగేసింది... అన్నీ లెక్కేయాలి. 2014లో ఇలాంటి 31 నమూనాల్ని పోల్చిచూస్తే, పట్టణాల్లో ఆర్గానిక్ కణాల్ని అవి సాధారణంగా ఉన్నదానికంటే తక్కువే చూపించాయి. పైగా ఈ కార్బన్ ఎండను తిప్పికొట్టడమే తప్ప మింగదని ఒకప్పటి నమూనాలు అనుకునేవి. అందులో కొంత డికాషన్ రంగులో ఉంటుందనీ, అది ఎండను మింగుతుందనీ తర్వాత తేలింది.

రైతుకేం సంబంధం?
చాలానే ఉంది. 1999లో రామనాథన్, నోబెల్ గ్రహీత పాల్ క్రుట్జెన్‌ల నేతృత్వంలో జరిగిన 'ఇండోఎక్స్' పరిశోధనలో హిందూ మహాసముద్రంపై గోధుమరంగు పొగతెర కనిపించింది. ఎండ తగ్గితే నేలకీ సముద్రానికీ మధ్య వేడి తేడా తగ్గుతుంది. రుతుపవనాల్ని లాక్కొచ్చేది ఆ తేడాయే! గత శతాబ్దం రెండో సగంలో దక్షిణాసియా రుతుపవనాలు బలహీనపడటానికి ఏరోసాల్సే ప్రధాన కారణమని ఐపీసీసీ తేల్చింది.

అందుకే లెక్క పొయ్యి దగ్గర్నుంచే మొదలవ్వాలి. ఐఐటీ బొంబాయిలో చంద్రా వెంకటరామన్ బృందం కట్టెలు, పిడకలు కాల్చి పొగను కొలిచింది. మనదేశంలో మసికి అతిపెద్ద మూలం వంటపొయ్యిలేనని 2005లో 'సైన్స్' పత్రికలో వెల్లడించింది. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనూ ఇస్రో సహకారంతో గాల్లోని మసిని కొలుస్తున్నారు.

కార్బన్ డయాక్సైడ్ ఒకసారి గాల్లో చేరితే వందల ఏళ్లు వదలదు. పొగ అలా కాదు, ఆపితే వారంలో ఆకాశం తేటపడుతుంది. అయితే గంధకం ముసుగూ తొలగితే దాగిన వేడి బయటపడుతుంది. ఏది ముందు తగ్గించాలో, ఎంత తగ్గించాలో చెప్పాల్సింది ఆ నమూనాలే. ఈలోగా పొగలేని పొయ్యి వెలిగిన ప్రతి ఇంట్లోనూ అమ్మ ఊపిరికి మేలే... ఆ విషయానికి మాత్రం ఏ సూపర్ కంప్యూటరూ అక్కర్లేదు!