వార్తల్లో పదం: ట్రేడ్ డౌన్

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్త కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. అట్టడుగు జట్లకే ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. దాన్ని వేరే జట్టుకిచ్చి, బదులుగా వెనక వంతులు రెండు మూడు తీసుకుంటే అది ట్రేడ్ డౌన్. బలహీన జట్టుకు చాలాసార్లు ఇదే మేలు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు రేపు ఏమవుతాడో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. తర్వాత మేటి ఆటగాళ్లైన కుచెరోవ్ 2011లో 58వ వంతులో, దత్సుక్ 1998లో 171వ వంతులో దొరికారు.

మన ప్రో కబడ్డీలో డ్రాఫ్ట్ కాదు, వేలం ముఖ్యం. అయినా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లోని కబడ్డీ అభిమానులకు తెలుగు టైటాన్స్ అనుభవం చాలు, ఒక్కడికన్నా నలుగురు మేలన్న సంగతి బోధపడటానికి. 2023 వేలంలో జట్టుకున్న 5 కోట్ల పర్సులో 2.605 కోట్లు పవన్ సెహ్రావత్ ఒక్కడికే పోయాయి. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది రెండే. తప్పు పవన్‌ది కాదు. అతను ఔటై బెంచీ మీదున్నంతసేపూ పాయింట్ తెచ్చే రెండో రైడర్, రైడర్ కాలు పట్టి నిలిపే కార్నర్ డిఫెండర్ కరవయ్యారు. మరుసటి సీజన్‌కు అదే పవన్ 1.725 కోట్లకు వచ్చాడు. అతను గాయపడ్డా విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ భారం మోశారు, విజయాలు 12కు పెరిగాయి.

మళ్లీ హాకీకొస్తే, 2015 డ్రాఫ్ట్‌లో మొదటి వంతులో వచ్చిన స్టార్ మెక్‌డేవిడ్ లాంటివాణ్ని వదులుకుంటారా అంటే, వదులుకోకూడదు. అంతటివాడు ఏటా రాడు. వచ్చినా ఒక్కడితో కప్పు ఖాయం కాదు: మెక్‌డేవిడ్ ఆడే ఎడ్మంటన్ జట్టు 2024, 2025 ఎన్‌హెచ్‌ఎల్ ఫైనల్స్ రెండింటా ఓడింది.