ఎవరికి ఏ రెక్క?

మారేడ్‌పల్లి పిల్లలకు సైకిలు తొక్కటం గురించి ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. సాయంత్రం పూట అక్కడి వీధుల్లో నిలబడి చూడండి. సందు మలుపు రాగానే సైకిలుమీద వున్న ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా తమకు తెలియకుండానే లోపలి పక్కకు ఒరుగుతారు. ఒరగకపోతే మలుపు తిరగటం అసాధ్యం.

సరే, ఆ సైకిలుకు చక్రాలు లేవనుకోండి. కింద రోడ్డు లేదు, నీళ్లున్నాయి. పైగా మీరు ఆ నీళ్లను తాకకుండా జానెడెత్తున పోతున్నారు. అప్పుడు మలుపు తిరగటం ఎలాగ?

ఇదేమీ కట్టుకథ కాదు. వింగ్ ఫాయిలింగ్ అనే ఆట ఒకటి కొన్నేళ్లుగా దేశదేశాల్లో వ్యాపించింది. ఆడేవాడు ఒక పలకమీద నిలబడతాడు. చేతుల్లో గాలి నింపిన పెద్ద రెక్క వుంటుంది. పలక అడుగునుంచి ఒక సన్నని నిలువు కాడ నీళ్లలోకి దిగుతుంది. దాని చివర విమానానికి వున్నట్టుగా ముందొక రెక్క, వెనకొక చిన్న రెక్క వుంటాయి. ఈ కిందిభాగాన్నంతా కలిపి ఫాయిల్ అంటారు. చేతిలో రెక్క గాలిని పట్టి లాగుతుంది. వేగం అందుకోగానే నీళ్లలో రెక్క పలకను పైకెత్తుతుంది.

సంక్రాంతికి పరేడ్ గ్రౌండులో గాలిపటం ఎగరవేసినవారికి ఇందులో సగం రహస్యం తెలుసు. గాలిపటం ఏటవాలుగా నిలబడి గాలిని కిందికి నెడుతుంది, గాలి దాన్ని పైకి నెడుతుంది. నీళ్లలో రెక్క చేసేదీ అదే. అయితే నీరు గాలికంటే ఇంచుమించు 800 రెట్లు బరువైనది గనుక, మనిషిని ఎత్తటానికి తలగడంత రెక్క సరిపోతుంది.

ఆట కొత్తదే గాని ఆలోచన పాతది. 1906లో ఎన్రికో ఫోర్లానినీ అనే ఇటలీ ఇంజనీరు మాజోరే సరస్సుమీద ఇటువంటి నీటిరెక్కల పడవను నడిపాడు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ తన సహచరుడు కేసీ బాల్డ్విన్‌తో కలిసి తయారుచేసిన పడవ 1919లో కెనడాలో గంటకు 114 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తింది. 2024 పారిస్ ఒలింపిక్సులో కూడా ఫాయిల్ పలకల పందేలు జరిగాయి.

ఇక మలుపు సంగతికి వద్దాం. కొత్తవాళ్లు నేరుగా పోవటం కొద్దిరోజుల్లోనే నేర్చుకుంటారు. మలుపు దగ్గరే గుబుక్కుమని నీళ్లలో పడతారు. కారణం ఒక చిన్న లెక్కలో వున్నది. రెక్క ఎత్తే బలం వేగాన్నిబట్టి మారుతుంది. వేగం సగమైతే బలం కూడా సగం కాదు, నాలుగో వంతవుతుంది! మలుపులో చేతిలోని రెక్కను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకోవాలి. ఆ కాస్త సేపూ లాగేవాడు వుండడు, వేగం తగ్గుతుంది. పైగా సైకిలు లాగానే పలక కూడా ఒరగాలి. ఒరిగిన రెక్క తన బలంలో కొంత పక్కకు ఖర్చు పెడుతుంది, ఎత్తటానికి మిగిలేది మరీ తక్కువ.

అందుచేత మలుపులు నేర్చుకునేవారికి నీళ్లలో వుండే ముందు రెక్క పెద్దదిగా వుండాలి. 80 కిలోల మనిషి 1,800 చదరపు సెంటీమీటర్ల రెక్కతో నేర్చుకుంటాడనుకుందాం. 40 కిలోల పిల్లకు, లెక్క ప్రకారం, 900 చాలు. మలుపులో నెమ్మదించినా పడిపోకుండా వుండటానికి ఇంకో నూరో రెండు నూర్లో కలపటం మంచిది. మరీ పెద్దదైతే వేరే చిక్కు వస్తుంది: ఒరగమంటే ఒరగదు. ఆల్బట్రాస్ అనే సముద్రపక్షిలాగా పొడుగ్గా సన్నగా వున్న రెక్క ఎంతో దూరం జారిపోతుంది గాని, పావురం రెక్కలాగా పొట్టిగా వెడల్పుగా వున్నదే చప్పున తిరుగుతుంది. కొత్తవారికి ఈ రెంటికీ మధ్యరకం కావాలి.

కాడ పొట్టిగా వుంటే పడినా దెబ్బ తగలదని కొందరు 45 సెంటీమీటర్లది ఎన్నుకుంటారు. మొదటి రెండు రోజులకూ అది మంచిదే. కాని ఒరిగినప్పుడు రెక్క కొన నీళ్లలోంచి పైకి వచ్చేస్తుంది, పలక ధడాలున పడుతుంది. మలుపులకు 70, 75 సెంటీమీటర్ల కాడ వుండాలి. అప్పుడు నీళ్లు కూడా ఆ మేరకు లోతుగా వుండాలి మరి. గట్టు దగ్గర బురదలో ఫాయిల్ దిగబడితే ఆడేవాడు మాత్రం ఆగడు, ముందుకు పోయి పడతాడు.

పలక ఎంత వుండాలో మీరే లెక్క వేయవచ్చు. ఒక లీటరు పరిమాణం ఒక కిలో బరువును తేలుస్తుంది. 40 కిలోల పిల్ల, పలకా ఫాయిలూ కలిపి మరో 10 కిలోలు, వెరసి 50. అంటే 50 లీటర్ల పలక నీటిమట్టానికి సరిగ్గా తేలుతుందన్నమాట. దానిమీద నిలబడటం గారడీవాళ్ల పని. 75 లీటర్లుంటే మలుపులో పడ్డా మళ్లీ ఎక్కి నిలబడవచ్చు.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక మాట. చొక్కా కుట్టించేటప్పుడు “ఎదిగే పిల్లవాడు, కాస్త వదులుగా కుట్టు” అని దర్జీకి చెప్పటం మన ఇళ్లలో మామూలే. (మోచేతులు దాటిన పొట్టిచేతుల చొక్కాలు నేనూ తొడుక్కున్నాను.) ఈ అలవాటు చేతిరెక్క దగ్గర మాత్రం పనికిరాదు. అయిదు చదరపు మీటర్ల రెక్క పెద్దవాళ్లది. పొట్టివాడు పట్టుకుంటే దాని కొనలు నీళ్లకు తగులుతాయి, చేయి మార్చుకునే లోపల గాలి దాన్ని ఊడలాగుతుంది. నాలుగుసార్లు ఇలా జరిగితే “నాకు రాదు” అనుకుని పిల్లవాడు ఆట మానేస్తాడు. రాకపోవటం అతని తప్పు కాదు, రెక్క తప్పు. మూడు, మూడున్నర చదరపు మీటర్లది చాలు. తల టోపీ, తేలే చొక్కా మాత్రం బేరమాడకుండా కొనండి. ఫాయిల్ అంచులు పదునుగా వుంటాయి.

మారేడ్‌పల్లినుంచి రాణిగంజ్ మీదుగా పోతే హుస్సేన్ సాగర్ ఎంతో దూరం లేదు. ఈ చెరువు 1562లో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో కట్టింది. దానిమీద ఎన్నో ఏళ్లుగా తెరచాప పందేలు జరుగుతున్నాయి. సైన్యంవారి ఈ.ఎం.ఈ. సెయిలింగ్ అసోసియేషన్ వున్నది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇళ్ల పిల్లలకు కూడా నేర్పుతున్నది. ఫాయిల్ ఎక్కాలనుకునేవారు ముందు ఇటువంటి చోట పడవ నేర్చుకోవటం మంచిదని నా అభిప్రాయం. గాలి ఎటునుంచి వస్తున్నదో చెంపతో తెలుసుకోవటం అక్కడే అలవడుతుంది.

అక్కడ చిన్నపిల్లలు ఎక్కేది ఆప్టిమిస్ట్ అనే పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల వడ్రంగి దీన్ని చేశాడు. యాభై డాలర్లు మించకుండా పిల్లలకు పడవ కావాలని వూళ్లోవాళ్లు అడిగారట. ప్లైవుడ్ రేకులు ఎనిమిదడుగులే వుంటాయి గనుక పడవ కూడా ఎనిమిదడుగుల లోపే తేలింది. ముక్కు తెగ్గోసినట్టుండటానికి కారణం అదే! తెరచాప మూడుంపావు చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ.

పెద్దపిల్లలకు లేజర్ పడవ వున్నది. ఇప్పుడు దాన్ని ఐ.ఎల్.సి.ఏ. అంటున్నారు. వదులు చొక్కా సమస్యకు ఇందులో మంచి ఉపాయం చేశారు. పడవ ఒకటే, తెరచాపలు మూడు: 4.7, 5.7, 7 చదరపు మీటర్లు. పిల్లవాడు ఎదిగితే తెరచాపా, దాని స్తంభం కింది ముక్కా మారిస్తే సరి. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ 2021లో జరిగిన టోకియో ఒలింపిక్సుకు వెళ్లింది మధ్య తెరచాపతోనే.

ఒక విచిత్రం చెప్పాలి. పడవలో మొదట నేర్పేది గాలికి ఎదురుగా ముక్కు తిప్పే మలుపు. వెనకగాలిలో తిరిగితే తెరచాప అడుగు కొయ్య ఒక పక్కనుంచి ఇంకో పక్కకు విసురుగా వచ్చి తల పగలగొట్టవచ్చు. ఫాయిల్‌మీద ఇది తలకిందులు! ఎదురుగాలి మలుపులో వేగం చచ్చి పలక కూలబడుతుంది గనుక, వెనకగాలి మలుపే ముందు నేర్చుకుంటారు.

హుస్సేన్ సాగర్ నీళ్లు మింగదగినవి కావు, నీళ్లలో చెత్త కూడా వుంటుంది. సన్నని ఫాయిల్ కాడకు ఒక ప్లాస్టిక్ సంచీ చుట్టుకుంటే చాలు, వేగం పోతుంది. అందుకే ఫాయిల్‌కు శుభ్రమైన, లోతైన నీరు వెతుక్కోవాలి. మొదటిసారే కొనకుండా, నేర్పేవారి సామాను అద్దెకు తీసుకుని రెండు మూడు రకాల రెక్కలమీద తిరిగి చూడండి.

వానాకాలంలో, జూలై నెలలో, పడవ పందేలున్న రోజు ఒకసారి ట్యాంక్‌బండ్‌మీదికి వెళ్లండి. ఏ పడవ మలుపులో ఆగిపోతున్నదో, ఏది ఆగకుండా సాగిపోతున్నదో చూడండి. ఆగిన పడవను గుర్తుపట్టటం తేలిక: దాని తెరచాప గాలిలో టపటపా కొట్టుకుంటూ వుంటుంది.