నేలా? పైకప్పా?

ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ అంటే మనకు గుర్తొచ్చేది బీఓడీ లెక్కలు, పరీక్ష ముందు రోజు బట్టీ పట్టే లిమిట్స్. ఆ లిమిట్ ఎంత ఉండాలో తేల్చేది కేంద్రమా, రాష్ట్రమా? అమెరికాలో ఏళ్ల తరబడి నడుస్తున్న ఈ గొడవ గురించి నాకు అర్థమైనంత చెప్తాను.

అక్కడ 1972 నాటి క్లీన్ వాటర్ యాక్ట్ ప్రకారం కేంద్రం పెట్టేది కనీస ప్రమాణం. రాష్ట్రాలు ఇంకా కఠినంగా ఉండొచ్చు, సడలించకూడదు. అటెండెన్స్ లాగన్నమాట: యూనివర్సిటీ 75 శాతం అంటే కాలేజీ 80 అడగొచ్చు, 70తో సరిపెట్టలేదు. అంటే కేంద్రం వేసేది నేల.

కానీ కొన్ని రాష్ట్రాలు "కేంద్రం కంటే కఠినంగా మా రూల్స్ ఉండకూడదు" అని తమకు తామే చట్టాలు చేసుకున్నాయి. దాంతో నేలే పైకప్పు అయిపోయింది! వాళ్ల వాదన తీసిపారేసేది కాదు. రాష్ట్రానికో రూల్ ఉంటే కంపెనీలకు ఖర్చు, తలనొప్పి. పక్క రాష్ట్రానికి పరిశ్రమ తరలిపోతుందన్న భయం కూడా ఉంది.

చిక్కెక్కడంటే, నేల కుంగితే పైకప్పూ దిగుతుంది. 2023 మేలో సాకెట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నదులు, సరస్సుల్లాంటి వాటితో ఉపరితలంలో తెగకుండా కలిసున్న చిత్తడి నేలలకే ఆ చట్టం వర్తిస్తుందని చెప్పింది. నెల తిరిగేసరికి నార్త్ కరొలినా శాసనసభ, గవర్నర్ రాయ్ కూపర్ వీటోను కాదని, రాష్ట్ర రక్షణను కూడా కేంద్ర నిర్వచనానికే కుదించేసింది. చిత్తడి నేల స్పాంజ్ లాంటిది, వరద నీటిని పీల్చుకుంటుంది. దాన్ని పూడ్చేస్తే ఆ నీళ్లు ఎవరో ఒకరి ఇంట్లోకే కదా వెళ్లాలి! కొలరాడో ఇందుకు రివర్స్‌లో వెళ్లింది: కేంద్రం వదిలేసిన వాటిని కాపాడటానికి 2024లో సొంత చట్టం చేసుకుంది.

మరి మన దగ్గర? 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల్లో మూడోది, కారణాలు రాతపూర్వకంగా చూపించి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు మరింత కఠినమైన ప్రమాణాలు పెట్టొచ్చంటుంది. నాకు ఇదే సబబనిపిస్తుంది. నిండుగా పారే నదిలో కలిసే వ్యర్థజలానికీ, ఎండిపోతున్న చెరువులో కలిసేదానికీ ఒకే లిమిట్ సరిపోదు. డైల్యూషన్ లెక్క చేసిన ఎవరికైనా అది తెలుసు. కఠినమైన రూల్‌కి కారణం అడగండి, తప్పులేదు. కారణం చెప్పే అవకాశమే లేకుండా చేయడం మాత్రం తప్పు.