బండల మిద్దెలో హోం థియేటర్

అనంతపురం వైపు గూగూడు పీర్ల పండుగకో, కదిరి తేరుకో మైకుసెట్టు కట్టే మనిషి యాంప్లిఫయర్‌కు తీగలు బిగించే ముందు దాని వెనక రాసి ఉన్న అంకెలు చూస్తాడు. 4, 8, 16 ఓమ్‌లు, పక్కనే 70, 100 వోల్టులు. ఏ తీగ ఏ మరకు పోవాలో తప్పితే హారన్ యూనిట్ కాలిపోతుందని అతనికి పని నేర్పింది, పుస్తకం కాదు. ఆ ప్రాంతంలోనే లక్ష రూపాయలు పెట్టి హోం థియేటర్ కొనేవాళ్లలో చాలామంది అట్టపెట్టె మీద వాట్లు చూసి డబ్బు కట్టేస్తారు.

రెండు యంత్రాలదీ ఒకటే వంశం. 1915లో కాలిఫోర్నియాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిథామ్ అయస్కాంతం మధ్య తీగచుట్టను ఆడించి, దానికి హారన్ తగిలించి మనిషి గొంతును పెద్దది చేశారు. ఆ మ్యాగ్నవాక్స్ హారన్లతోనే 1919లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాన్ డియేగోలో వేలమందికి వినబడేలా మాట్లాడాడు. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ హారన్ తీసేసి కాగితపు కోన్ పెట్టారు. ఇవాళ్టి ఇంటి స్పీకర్ మూలసూత్రం ఇంకా అదే. 1954లో హార్మన్ కార్డన్ సంస్థ రేడియోనూ యాంప్లిఫయర్‌నూ ఒకే పెట్టెలో కూర్చింది. రిసీవర్ పుట్టుక అది. స్టీరియో, డాల్బీ సరౌండ్, డీవీడీతో 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్), 2014లో ఇళ్లకు డాల్బీ అట్మాస్. తరం మారినప్పుడల్లా పెట్టెకు ఇంకో పని తగిలింది. రేడియో ఇంకా అందులోనే ఒక మూల ఉంది, ఎవరూ దాని మీట నొక్కరు.

మైకుసెట్టులో ఆ 100 వోల్టుల మర ఎందుకు? గుడి దగ్గరి యాంప్లిఫయర్ నుంచి ఊరవతల చెట్టుకు కట్టిన హారన్ దాకా సన్నతీగ లాగితే, పోను రాను తీగ నిరోధమే 8 ఓమ్‌లు ఉండొచ్చు. చివర 8 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే సగం శక్తి తీగను వేడెక్కించడానికే సరి. 100 వోల్టులతో పంపి, హారన్ దగ్గర ట్రాన్స్‌ఫార్మర్‌తో దించితే 50 వాట్లకు అర ఆంపియర్ చాలు. తీగలో పోయేది నూటికి నాలుగు వంతులే. కరెంటోళ్లు పెద్ద లైన్లలో చేసేదీ ఇదే.

ఇంట్లో తీగ పది మీటర్లు దాటదు కాబట్టి ఆ ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఓమ్‌ల లెక్క మాత్రం తప్పదు. 20 వోల్టులు అందితే 8 ఓమ్‌ల స్పీకర్ రెండున్నర ఆంపియర్లు లాగుతుంది, 4 ఓమ్‌లది ఐదు లాగుతుంది. 6 ఓమ్‌లకు తగ్గకూడదని వెనక రాసి ఉన్న రిసీవర్‌కు 4 ఓమ్‌ల టవర్ స్పీకర్లు కట్టి వాల్యూమ్ పెంచితే పెట్టె కాగుతుంది, పోరాట సన్నివేశం మధ్యలో తనంతట తానే ఆగిపోతుంది. అనంతపురం ఎండాకాలంలో గది వేడే నలభైకి చేరుతుంది. అలాంటి చోట రిసీవర్‌ను గాజు తలుపుల అల్మారాలో బిగించడం దాని ఉసురు తీయడమే.

వాట్ల కన్నా ముందు అడగాల్సిన అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్‌లు అన్నదే ఆ అంకె. ఊరి హారన్ 108 దాకా ఇస్తుంది, ఇంటి స్పీకర్ 86 నుంచి 92. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్‌లే, చెవికి అంతంత మాత్రం. అందువల్ల 92 డెసిబెల్‌ల స్పీకర్‌కు 40 వాట్లు చేసే పనిని 86ది చేయాలంటే 160 వాట్లు కావాలి. పీఎంపీఓ అని వేలల్లో అచ్చేసే అంకెకైతే ఏ ప్రమాణమూ లేదు, దాన్ని చదవనక్కర్లేదు. మంచి రిసీవర్ల కాగితాల్లోనూ 6 ఓమ్‌ల దగ్గర, ఒక్క చానెల్ నడిపి, పది శాతం వక్రీకరణతో కొలిచిన వాట్లు ముందు కనిపిస్తాయి. రెండు చానెళ్లు నడిపి, 8 ఓమ్‌ల దగ్గర, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కొలిచిన అంకె వేరే ఉంటుంది, అది చిన్నది. నమ్మాల్సింది దాన్నే.

ఇంతా సరిపోల్చినా సీమలో ఇంకో చిక్కుంది. అది గది. కింద తాడిపత్రి నాపరాళ్లు, చుట్టూ రాతిగోడ, పాత ఇళ్లలో పైన కూడా బండలే. రాయి తన మీద పడ్డ శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులే మింగుతుంది. పదిహేను అడుగుల పొడవు, పన్నెండు వెడల్పు, పది ఎత్తు ఉన్న ఖాళీ రాతిగదిలో చప్పట్లు కొడితే ఆ శబ్దం పూర్తిగా అణగడానికి లెక్క ప్రకారం ఐదు సెకన్లైనా పడుతుంది. మాట స్పష్టంగా వినాలంటే అర సెకను దాటకూడదు. ఈ లెక్క కట్టే పద్ధతి కనిపెట్టింది హార్వర్డ్ అధ్యాపకుడు వాలెస్ సబైన్. 1895లో అక్కడి ఫాగ్ ఉపన్యాసశాలలో మాట ఐదున్నర సెకన్లు మోగుతుంటే, ఆయన పక్క థియేటర్ నుంచి కుర్చీల దిండ్లు రాత్రిపూట మోయించి, ఒక్కో వరుస పరుస్తూ కొలిచి, తెల్లారేసరికి వెనక్కి చేర్చేవాడు. పదార్థం ఎంత మెత్తనైతే, ఎంత విస్తారమైతే మోత అంత తగ్గుతుందని తేల్చాడు. కాబట్టి డైలాగు అర్థం కావడం లేదని రిసీవర్ మార్చే ముందు గోడకు బొంత వేలాడదీయండి, స్పీకర్ల ముందు జంబుఖానా పరవండి, వెనక గోడకు పరుపు నిలబెట్టండి. చూసి అల్లుడు నవ్వితే నవ్వనివ్వండి.

బండల మిద్దెకు ఒక లాభమూ లేకపోలేదు. అట్మాస్‌లో శబ్దాన్ని పైకప్పుకు కొట్టి కిందికి దించే స్పీకర్లకు చదునైన గట్టి కప్పే కావాలి. దూలాలు అడ్డం రాకపోతే బండకు మించింది లేదు. అయినా నన్నడిగితే మామూలు గదికి 5.1 చాలు.

కొట్టుకు పోయే ముందు గది కొలతలు, కూర్చునే దూరం కాగితం మీద రాసుకోండి. స్పీకర్లు ముందు విని ఎంచుకోండి, వాటి ఓమ్‌లకు సరిపోయే రిసీవర్‌ను తర్వాత చూడండి. డబ్బులో పెద్ద వాటా స్పీకర్లకే పోవాలి.