మూగజీవికి మందు పోసేముందు

మన తెలుగు కుటుంబాలలో అనేకుల బిడ్డలు నేడు అమెరికాలో స్థిరపడియున్నారు. అక్కడ ఇంటి కుక్కకు, పిల్లికి కుటుంబంలో ఒకరితో సమానమైన స్థానం ఉన్నది. ఆ కుక్క ముసలిదై మెట్లెక్కలేనప్పుడు, లేక మూర్ఛ వచ్చి గిలగిల కొట్టుకొన్నప్పుడు అక్కడివారిలో కొందరు పోస్తున్న ఒక నూనె పేరు ఫోను మాటల ద్వారా మన ఊళ్లకు కూడ చేరింది. అదే సి.బి.డి. నూనె. "గంజాయి మొక్క నుండి తీస్తారట, అయినా మత్తు ఉండదట, అన్ని నొప్పులకూ పనిచేస్తుందట" అని చెప్పుకొంటున్నారు. ఈ మూడు మాటలలో నిజమెంత ఉన్నదో విడివిడిగా చూద్దాము.

మొక్క ఒకటే, గుణాలు వేరు

గంజాయి మొక్క, నార కొరకు గింజల కొరకు పెంచే హెంప్ మొక్క ఒకే జాతివి. వాటిలో ఉన్న పదార్థాలలో రెండు ముఖ్యమైనవి. ఒకటి టి.హెచ్.సి.; మత్తు కలిగించేది ఇదే. రెండవది కన్నబిడయాల్; దీనినే పొట్టిగా సి.బి.డి. అంటారు. ఇది మత్తు కలిగించదు. 1940లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రోజర్ ఆడమ్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనిని మొక్క నుండి వేరుచేశాడు. 1963లో ఇశ్రాయేలు దేశపు శాస్త్రజ్ఞుడు రాఫెల్ మెషూలమ్, తన తోటివారితో కలిసి దీని నిర్మాణమెట్టిదో తేల్చాడు.

2018 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం, టి.హెచ్.సి. 0.3 శాతం మించని హెంప్ పంటను మత్తుమందుల జాబితా నుండి తొలగించింది. దానితో పెంపుడు జంతువుల కొరకని సి.బి.డి. నూనెలు, బిస్కట్లు అక్కడి దుకాణాలలోనికి వచ్చి పడినవి. కాబట్టి మొదటి మాట నిజమే. అది గంజాయి జాతి మొక్క నుండి తీసినదే.

మత్తు ఉండదన్న మాట

స్వచ్ఛమైన సి.బి.డి.లో మత్తు లేదు. అయితే సీసామీద వ్రాసినదే సీసాలో ఉన్నదా? మనుష్యుల కొరకు అమ్మే 84 సి.బి.డి. సరుకులను కొని పరీక్షించిన ఫలితాలు 2017లో ఒక అమెరికా వైద్య పత్రికలో వెలువడినవి. వాటిలో దాదాపు 31 శాతం మాత్రమే పైన వ్రాసిన లెక్కకు సరిపోయినవి. కొన్నింటిలో చెప్పినదానికంటె తక్కువ ఉన్నది, కొన్నింటిలో ఎక్కువ. 18 సరుకులలో టి.హెచ్.సి. కూడ బయటపడింది.

ఇది చిన్న విషయం కాదు. టి.హెచ్.సి. కుక్కలకు మనకంటె ఎక్కువగా తగులుతుంది. అది లోపలికి పోయిన కుక్క తూలుతుంది, మూత్రం చుక్కలు చుక్కలుగా కార్చుకొంటుంది, చిన్న చప్పుడుకే ఉలికిపడుతుంది, మగతగా పడియుంటుంది. మనుష్యుల కొరకు చేసిన తీపి బిళ్లలలో చాక్లెట్టుగాని, జైలిటాల్ అనే తీపి పదార్థంగాని ఉన్న యెడల అవి కుక్కకు విషమే.

అన్నిటికీ పనిచేస్తుందా?

2018లో కార్నెల్ విశ్వవిద్యాలయపు పశువైద్యులు కీళ్లు అరిగి కుంటుతున్న కుక్కలపై చేసిన పరిశోధనను ప్రచురించారు. కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకసారి సి.బి.డి. ఇచ్చారు. చివరివరకు నిలిచిన 16 కుక్కలలో నొప్పి తగ్గిన గుర్తులు, చురుకుదనం కనబడినవి. అయితే 2021లో కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంవారు అటువంటి జబ్బుమీదనే ప్రచురించిన మరొక చిన్న పరిశోధనలో, మందు ఇచ్చినప్పటికి, మందులేని ఉత్త నూనె ఇచ్చినప్పటికి చెప్పుకోదగిన భేదం కనబడలేదు.

మూర్ఛ సంగతి చూద్దాము. అదే కొలరాడో విశ్వవిద్యాలయంవారి పరిశోధన 2019లో వెలువడింది. మామూలు మూర్ఛ మందులతోపాటు 9 కుక్కలకు సి.బి.డి., 7 కుక్కలకు ఉత్త నూనె 12 వారాలు ఇచ్చారు. సి.బి.డి. పుచ్చుకొన్న కుక్కలలో మూర్ఛలు మధ్యస్థంగా 33 శాతం తగ్గినవి. కాని మూర్ఛలు సగానికి సగం తగ్గిన కుక్కల నిష్పత్తి రెండు గుంపులలోను ఇంచుమించు ఒకటే. మనుష్యుల విషయంలోనైతే పిల్లలకు వచ్చే రెండు అరుదైన మూర్ఛ జబ్బులకు సి.బి.డి. మందును 2018 జూన్‌లో అమెరికా ఔషధ శాఖ అంగీకరించింది. జంతువుల కొరకు మాత్రం ఒక్క సి.బి.డి. మందునైనను ఆ శాఖ అంగీకరించలేదు.

కొన్ని కుక్కలకు మేలు కలుగవచ్చునని, అన్నిటికీ పనిచేసే సంజీవి మాత్రం కాదని ఈ పరిశోధనలు చెబుతున్నవి. పైగా సి.బి.డి. కాలేయంలో కరిగే మందు. కార్నెల్‌లోను, కొలరాడో మూర్ఛ పరిశోధనలోను కొన్ని కుక్కల రక్తంలో కాలేయానికి సంబంధించిన ఒక లెక్క పెరిగింది. మూర్ఛకు వాడే ఫినోబార్బిటాల్ వంటి మందులు కూడ కాలేయం మీదనే భారం వేస్తవి. రెంటిని కలిపి ఇచ్చేటప్పుడు పశువైద్యుడు రక్తపరీక్ష చేయించి చూడవలెను.

మన కన్ను మనలను మోసగించు విధము

మనిషికి నొప్పి తగ్గితే చెబుతాడు. బిలాము గాడిదకు ఒక్కసారి మాట వచ్చింది గాని మన ఇంటి కుక్కకు రాదు. దాని బదులు మన ఆశ మాట్లాడుతుంది. డబ్బు పోసి కొన్న మందు పనిచేయవలెనని మనము కోరుకొంటాము గనుక, కుక్క తోక ఊపినా "అదిగో, గుణం కనబడింది" అంటాము. అమెరికాలో 2012లో వెలువడిన ఒక పరిశీలనలో, మందులేని ఉత్త బిళ్ల ఇచ్చిన కుక్కల విషయంలో కూడ యజమానులు దాదాపు 40 శాతం సార్లు కుంటు తగ్గిందనే అనుకొన్నారు. పరికరంతో కొలిచి చూస్తే తగ్గలేదు. వారు అబద్ధికులు కారు, ప్రేమించినవారు. కాని ఆ పొరపాటు వలన బాధ అనుభవించినది కుక్కయే. బాగుపడిందనుకొని వైద్యుని దగ్గరకు తీసుకొని పోవడం మానివేస్తే దాని నొప్పి దానికే మిగులుతుంది.

మన దేశపు చట్టము

మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం గంజాయి పూతను, దాని జిగురును నిషేధించింది. పూత లేని ఆకును, గింజను ఆ నిషేధంలో చేర్చలేదు; ఆకు విషయం రాష్ట్రాల చట్టాల క్రింద ఉన్నది. ఇక్కడ కొన్ని సంస్థలు ఆయుర్వేద అనుమతితో "విజయ" అనే పేరున ఆకు సారాన్ని అమ్ముతున్నవి. అమెరికా సీసాలోని నూనె తరచుగా పూత నుండి తీసినది. పెట్టెలో పెట్టుకొని తెచ్చినవారికి విమానాశ్రయంలోనే చిక్కు రావచ్చు. కుక్క మీది ప్రేమతో తెచ్చాననే మాట చట్టం ముందు నిలువదు. కావున "వచ్చేటప్పుడు ఒక సీసా తెమ్ము" అని బిడ్డలను అడుగవద్దు.

మరొక సంగతి. 2021లో మన దేశంలో ఆహారంగా అనుమతించిన హెంప్ గింజల నూనె వేరు, సి.బి.డి. నూనె వేరు. గింజలో సి.బి.డి. దాదాపు ఉండదు. ఆకు బొమ్మ చూచి ఒకదానికి బదులు మరొకటి కొనవద్దు. మన్యంలో దొంగచాటుగా పండే గంజాయి ఆకును నూరి పశువుకు పెట్టుట అన్నిటికంటె ప్రమాదము. దానిలో మత్తు ఎంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు.

ఇంటివారు చేయదగినవి

కుక్కగాని పిల్లిగాని కుంటుతున్న యెడల మొదట కారణం తెలిసికొనుడి. ముల్లు, గాయం, విరిగిన ఎముక, కీళ్ల అరుగుదల - వీటికి వైద్యం ఒకటి కాదు. ఇంట్లో ఉన్న మాత్ర వేయవద్దు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం. ఐబుప్రోఫెన్ కుక్క కడుపును, మూత్రపిండాలను పాడుచేస్తుంది. లావెక్కిన కుక్కకు తిండి తగ్గించి బరువు దించితే కీళ్ల నొప్పి చాలమట్టుకు తగ్గుతుంది. దానికి ఖర్చు లేదు.

మూర్ఛ వచ్చినప్పుడు నోటిలో ఏమియు పోయవద్దు, చేయి పెట్టవద్దు. చుట్టూ ఉన్న వస్తువులు తీసివేసి, ఎన్ని నిమిషాలు ఉన్నదో గడియారం చూడుడి. అయిదు నిమిషాలు దాటితే ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు చేర్చవలెను.

ఏ మందు ఇచ్చినను ఒక నోటుపుస్తకంలో తేదీ, ఇచ్చిన మోతాదు, ఆ దినం కుక్క ఎన్ని మెట్లెక్కింది, ఎంత తిన్నది, మూర్ఛ వచ్చిందా రాలేదా అని వ్రాయుడి. నెల తరువాత ఆ పుస్తకం తీసుకొని పశువైద్యునికి చూపుడి. నోరులేని జీవి తరఫున ఆయనతో మాట్లాడేది ఆ పుస్తకమే.