చిన్న బోరు ట్రాంబోన్ మౌత్‌పీస్

చిన్న బోరు ట్రాంబోన్ మౌత్‌పీస్ అనగా సన్నని గొట్టము గల టెనార్ ట్రాంబోన్‌కు అమర్చి ఊదే లోహపు భాగము. నాదస్వరంలోను, క్లారినెట్‌లోను రీడు కంపించి ధ్వని పుడుతుంది. ట్రాంబోన్‌లో రీడు ఉండదు, వాయించేవారి పెదవులే కంపిస్తాయి. ఆ పెదవులకు, సుమారు 2.7 మీటర్ల పొడవైన గొట్టానికి మధ్య ఉండే వంతెన మౌత్‌పీస్. చేతిలో ఇమిడిపోయేంత చిన్నదైనా వాద్యపు శ్రుతి, నాదపు రంగు, వాయించేవారి శ్రమ ఈ మూడూ దీనిపై ఎంతో ఆధారపడి ఉన్నాయి. మంచి వాద్యం ఉండి కూడా మౌత్‌పీస్ కుదరక, లోపం తమలోనే ఉన్నదని భావించే విద్యార్థులు తక్కువేమీ కాదు.

బోరు అంటే ఏమిటి

బోరు అనగా ముందుకు వెనుకకు జరిగే స్లైడు గొట్టపు లోపలి వ్యాసము. దీనిని సాధారణంగా అంగుళాలలో చెబుతారు. సుమారు 0.480 నుండి 0.508 అంగుళాల వరకు, అనగా 12.2 నుండి 12.9 మిల్లీమీటర్ల వరకు ఉన్నవాటిని చిన్న బోరు ట్రాంబోన్లు అంటారు. 0.525 అంగుళాలది మధ్య బోరు. నేటి సింఫనీ వాద్యబృందాలలో వాడే పెద్ద బోరు 0.547 అంగుళాలు, అనగా 13.9 మిల్లీమీటర్లు. తేడా చూపుకు ఆనదు. కాని 0.500 అంగుళాల గొట్టంతో పోల్చితే 0.547 అంగుళాల గొట్టపు అడ్డుకోత వైశాల్యం దాదాపు 20 శాతం ఎక్కువ. ఊపిరి తీసుకునే తీరులోనే ఆ తేడా తెలిసిపోతుంది.

చిన్న బోరు అంటే తక్కువ రకం అనుకోవడం సరికాదు. ఇంగ్లాండు వాద్యబృందాలలో 20వ శతాబ్దపు మధ్యకాలం వరకు సన్నని ట్రాంబోన్లే వాడుకలో ఉండేవి. బఠాణీలు ఊదే గొట్టమనే అర్థంలో వాటిని పరిహాసంగా పీ షూటర్ అనేవారు. అమెరికాలో టామీ డార్సీ (1905-1956) వంటి నృత్యవాద్యబృందాల నాయకుల కాలం నుండి నేటి వరకు జాజ్ సంగీతానికి ఇదే సహజమైన వాద్యం. ఆధునిక జాజ్ ట్రాంబోన్‌కు దారి చూపిన జె.జె. జాన్సన్ (1924-2001) వాడిన కింగ్ 3బి బోరు 0.508 అంగుళాలు.

మౌత్‌పీస్ భాగాలు

పెదవులకు ఆనే గుండ్రని భాగం అంచు. దాని లోపల గిన్నె, గిన్నె అడుగున గొంతు అనే సన్నని రంధ్రం, ఆ తరువాత క్రమంగా వెడల్పయ్యే వెనుక రంధ్రం ఉంటాయి. వాద్యంలోకి దూరే కాడను షాంక్ అంటారు.

మొదట చూడవలసినది షాంక్

టెనార్ ట్రాంబోన్ మౌత్‌పీస్‌ల షాంకులు ముఖ్యంగా రెండు రకాలు, చిన్నది, పెద్దది. చిన్న బోరు ట్రాంబోన్లన్నీ దాదాపుగా చిన్న షాంకునే తీసుకుంటాయి. 0.525 అంగుళాల మధ్య బోరు వాద్యాలలో కూడా అనేకం చిన్న షాంకువే. పెద్ద షాంకు మౌత్‌పీస్ చిన్న వాద్యంలో సరిగా దిగదు, కొన అంచున ఆగిపోతుంది. చిన్న షాంకును పెద్ద వాద్యంలో నిలిపేందుకు అడాప్టర్ అనే తొడుగు దొరుకుతుంది కాని, పెద్ద షాంకును చిన్న వాద్యంలో ఇమిడించే తొడుగు సాధ్యం కాదు. అందుచేత ఒకే పేరు, ఒకే సంఖ్య గల మౌత్‌పీస్ రెండు షాంకులలోను తయారవుతున్నప్పుడు ఏది కావాలో కొనేముందే స్పష్టంగా అడగవలెను.

మౌత్‌పీస్‌ను మెల్లగా దూర్చి కొద్దిగా తిప్పితే అది కదలకుండా నిలవాలి. ఊగితే గాలి కారకపోయినా స్వరం స్థిరంగా ఉండదు. భారతదేశంలోని బ్యాండు మేళాల ఇత్తడి వాద్యాలలో చాలావరకు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో తయారవుతాయి. అక్కడివైనా, విదేశాలవైనా, ఈ పరీక్ష కాగితం మీది కొలత కంటె నమ్మదగినది.

అంచు

అంచు లోపలి వ్యాసము పెదవులకు సంబంధించినదే గాని వాద్యపు బోరుకు సంబంధించినది కాదు. పెద్ద బోరు వాయించే వ్యక్తి చిన్న బోరుకు మారినప్పుడు అలవాటైన అంచు వ్యాసాన్నే ఉంచుకొని, గిన్నెను మాత్రం తక్కువ లోతుది ఎంచుకోవడం చాలామంది అనుసరించే పద్ధతి. వెడల్పు అంచు పెదవులకు హాయిగా ఉంటుంది, సన్నని అంచు పెదవుల కదలికకు ఎక్కువ స్వేచ్ఛనిస్తుంది. అంచు మీది వెండి పూత అరిగి ఇత్తడి బయటపడితే చర్మానికి చికాకు కలగవచ్చును. అటువంటి దానికి తిరిగి పూత పూయించాలి.

గిన్నె లోతు, శ్రుతి

తికమక ఎక్కువగా ఇక్కడనే. లోతైన గిన్నె పెట్టుకుంటే సన్నని వాద్యానికి పెద్ద వాద్యపు నాదం వస్తుందని కొందరు నమ్ముతారు. నిజానికి నాదం గుండ్రంగా కాక మసకగా తయారవుతుంది, శ్రుతి కూడా చెడుతుంది.

దీనికి కారణం ఉన్నది. గిన్నె ఘనపరిమాణం పెరిగితే గొట్టం పొడవు పెరిగినట్లే పనిచేస్తుంది. ఆ పెరుగుదల అన్ని స్వరాలకు సమానం కాదు, పైస్థాయి స్వరాలకు ఎక్కువ. అందువలన ట్యూనింగ్ స్లైడుతో కింది స్వరాలను సరిచేస్తే పై స్వరాలు తగ్గి వినిపిస్తాయి. జరిగే స్లైడు ఉన్నది కదా, దానితో సరిచేయవచ్చును గదా అనిపించవచ్చును. కాని ట్రాంబోన్ స్లైడుకు గల 7 స్థానాలలో మొదటిది స్లైడు పూర్తిగా లోపల ఉండే స్థానం. స్వరం హెచ్చితే స్లైడును కాస్త బయటికి జరిపి తగ్గించవచ్చును. మొదటి స్థానంలో స్వరం తగ్గితే గొట్టాన్ని ఇంకా పొట్టి చేయడానికి చోటు లేదు. పై బి ఫ్లాట్, దాని పై డి, ఎఫ్ స్వరాలు అన్నీ ఈ స్థానంలోనివే. లోతు మరీ తక్కువైతే ఇందుకు విరుద్ధంగా పై స్వరాలు హెచ్చుతాయి, నాదం పలచబడి గీరుకుంటుంది, కింది స్వరాలు బలహీనపడతాయి.

మౌత్‌పీస్ అంచును అరచేతితో తట్టినప్పుడు పుట్టే చిన్న శబ్దానికి ఒక స్థాయి ఉంటుంది. రెండు మౌత్‌పీస్‌లను ఇలా తట్టి పోల్చితే, గొంతు ఒకే కొలతది అయినప్పుడు, లోతైన దానికి స్థాయి తక్కువగా వినిపిస్తుంది. దుకాణంలోనే చేయదగిన పరీక్ష ఇది.

సంఖ్యల గందరగోళం

ఆస్ట్రియాలో 1890లో జన్మించి 1914లో అమెరికా చేరిన విన్సెంట్ బాక్ 1918లో మౌత్‌పీస్‌ల తయారీ ప్రారంభించెను. ఆయన పద్ధతిలో సంఖ్య తగ్గేకొద్దీ వ్యాసం పెరుగుతుంది. అక్షరాలు లోతును తెలుపుతాయి, ఎ లోతైనది, సి తక్కువ లోతుది. లండన్ సింఫనీ వాద్యబృందంలో 1957 నుండి 1988 వరకు ప్రధాన ట్రాంబోన్ వాద్యకారుడైన డెనిస్ వీక్ పేరుతో వచ్చే మౌత్‌పీస్‌లలోను చిన్న సంఖ్య పెద్ద వ్యాసానికి గుర్తు. చివరనున్న ఎస్ చిన్న షాంకును, ఎల్ పెద్ద షాంకును తెలుపుతాయి. యమహా సంఖ్యలు మాత్రం దీనికి తలక్రిందులు, సంఖ్య పెరిగితే వ్యాసమూ పెరుగుతుంది. ఈ తేడా తెలియక పొరపాటున కొనేవారు ఉన్నారు.

విద్యార్థుల వాద్యాలతో తరచుగా వచ్చే 12సి వ్యాసం సుమారు 24.5 మిల్లీమీటర్లు. అది చాలామంది పెదవులకు ఇరుకుగా ఉంటుంది. 25.4 మిల్లీమీటర్ల 6½ఎఎల్, దానికి దగ్గరదైన యమహా 48, డెనిస్ వీక్ 6బిఎస్ మంచి తరువాతి మెట్లు. 11సి జాజ్ వాద్యకారులలో ప్రసిద్ధమైనది. 5జి, అంతకంటె పెద్దవి చిన్న బోరుకు సాధారణంగా భారమే అవుతాయి.

ఎంపిక

ఒకేసారి అంచు, లోతు రెండూ మార్చితే ఏది మేలు చేసినదో తెలియదు. శ్రుతి యంత్రం ఎదుట ఉంచుకొని ఒకే వరుసను ముందు మెల్లగా, తరువాత గట్టిగా వాయించి చూడవలెను. మొదటి 5 నిమిషాలలో కొత్తదేదైనా బాగానే తోస్తుంది. అసలు తీర్పు పెదవులు అలసిన తరువాత, కొన్ని రోజుల సాధన మీద వస్తుంది. పై స్వరాల కోసం అంచును పెదవులకు గట్టిగా అదమవలసి వస్తే అది దాదాపుగా అభ్యాసలోపం, దానికి మౌత్‌పీస్ మార్చడం మందు కాదు.

బిగుసుకుపోయిన మౌత్‌పీస్‌ను పట్టకారుతో లాగితే లీడ్‌పైపు మెలితిరుగుతుంది. ఇందుకు పుల్లర్ అనే పనిముట్టు ఉన్నది. వాడినదానిని కొనేటప్పుడు షాంకు కొన గుండ్రంగా ఉన్నదో లేదో చూడాలి. క్రింద పడి నొక్కుకుపోయిన కొన మౌత్‌పీస్‌ను వాద్యంలో సరిగా కూర్చోనివ్వదు.